బుడగలోని బాలుడు: చిత్రకథయు శాస్త్రసత్యమును

1976వ సంవత్సరము నవంబరు 12వ తేదీన అమెరికాలోని ఎ.బి.సి. టెలివిజన్ సంస్థ ‘ది బాయ్ ఇన్ ది ప్లాస్టిక్ బబుల్’ అను చిత్రమును ప్రసారము చేసినది. దర్శకుడు రాండల్ క్లైజర్. అప్పటికి ఇరువదిరెండేండ్ల వాడైన జాన్ ట్రవోల్టా కథానాయకుడు. పుట్టుకతోనే రోగనిరోధకశక్తి లేని టాడ్ అను బాలుడు క్రిములు చొరరాని ప్లాస్టిక్ గదిలో పెరిగి పెద్దవాడై, పొరుగింటి గినాను ప్రేమించి, చివరకు ఆ గది విడిచి ఆమెతోకూడ గుర్రమెక్కి వెళ్ళిపోవుట ఇందలి కథ.

ఇంత పాత చిత్రమును ఇప్పుడు విమర్శింపనేల అని పాఠకులు అడుగవచ్చును. ఆ వ్యాధిని గురించి చదువుకొన్న వారికి సైతము తెలిసినది చాలవరకు ఈ చిత్రము చెప్పినదే. జీవశాస్త్రము చదువు విద్యార్థులను కదలించినను “ఆ ప్లాస్టిక్ గదిలోని పిల్లవాడి జబ్బేగదా” అందురు. ఏండ్ల తరబడి పిల్లలను అట్టి గదిలో పెంచుట వైద్యులు ఎన్నడో మానివేసినారు. వ్యాధి మాత్రము పోలేదు. దానిని కనిపెట్టు మార్గములున్నవి, కుదుర్చు మార్గములున్నవి. చిత్రము మన మనస్సులో నిలిపిన బొమ్మ వీనికి అడ్డుగా నిలచినది. అందుచేతనే ఈ విమర్శ.

మొదట వ్యాధి సంగతి చూతము. దీనికి తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపమని పేరు. ఆంగ్లనామములోని మొదటి అక్షరములను కలిపి వైద్యులు ‘స్కిడ్’ అందురు. 1950లో స్విట్జర్లండులో గ్లాన్జ్‌మన్, రినికర్ అను ఇరువురు వైద్యులు ఇట్టి శిశువులను గురించి వ్రాసిరి. మన రక్తములోని తెల్లకణములలో లింఫోసైటులు ఒక తెగ. ఇవి ఎముకల మూలుగలో పుట్టును. వీనిలో కొన్ని రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథికి పోయి, అచ్చట పరిణతి చెంది టి-కణములగును. మరికొన్ని బి-కణములై, ప్రతిదేహములు తయారుచేయు పని పూనును. అయితే టి-కణముల ప్రోద్బలము లేనిదే బి-కణముల పని సరిగా సాగదు. స్కిడ్ శిశువులలో టి-కణములే ఏర్పడవు. దానితో రెండవ పక్షము కూడ పనికిరాకుండ పోవును. ‘సంయుక్త’ అనుట అందుకే.

ఇట్టి శిశువు పుట్టినప్పుడు బొద్దుగా, ముద్దుగానే యుండును. గర్భములో నుండగా మాయ ద్వారా తల్లి ప్రతిదేహములు కొన్ని బిడ్డకు చేరును. అవి కొలది నెలలు కాపాడును. అవి తరిగిపోయిన తరువాత కష్టములు మొదలగును. నోటిలో తెల్లని పూత వచ్చి ఎన్ని మందులు పూసినను పోదు. విరేచనములు తగ్గవు. న్యుమోనియా మరల మరల వచ్చును. బరువు పెరగదు. సరియైన చికిత్స జరుగనిచో ఇట్టి శిశువులు ఒకటి రెండేండ్లలోపలనే పోవుదురు. మన పల్లెలలో ఇట్టి చావులను బాలారిష్టమని సరిపెట్టుకొనుట వాడుక.

ఇక చిత్రమునకు వత్తము. దీని పెద్ద దోషము చివరి పది నిమిషములలో నున్నది. టాడ్‌కు వయస్సు వచ్చినకొలది కొంత రోగనిరోధకశక్తి కూడినదనియు, బయటికి వచ్చినను బ్రతుకవచ్చుననియు వైద్యుడు సూచించును. ఆ మాట పట్టుకొని టాడ్ బయటికి నడచిపోవును. ప్రేక్షకుడు కన్నీరు తుడుచుకొనును. కథగా చూచిన ఇది కమ్మగనే యున్నది. శాస్త్రముగా చూచిన శుద్ధ అబద్ధము.

ఈ చిత్రమును చూచిన మా విద్యార్థి ఒకడు నన్నడిగిన ప్రశ్న ఇది: “మట్టిలో ఆడుకొన్న పిల్లలకు జబ్బులు రావంటారు గదండీ, అతనికి కూడ అలవాటు చేస్తే శక్తి వచ్చునేమో?” ప్రశ్న తెలివితక్కువది కాదు. మశూచి ఒకసారి వచ్చినవానికి మరల రాదని లోకమునకు వేల యేండ్లనుండి తెలియును. కాని దానికి మూలము, శత్రువును చూచి జ్ఞాపకముంచుకొను కణములుండుట. ఆ కణములే లేనప్పుడు అలవాటు పడుట ఎవరికి? విత్తనము చల్లని చేనికి ఎన్ని తడులు పెట్టినను పైరు రాదు. స్కిడ్ శిశువుకు క్రిములను అలవాటు చేయుట యనగా వానిని క్రిములకు అప్పగించుటయే. చిత్రకథకుడు లోకములోని ఒక సామాన్య విశ్వాసమును తీసుకొని, అది చెల్లని ఒకే ఒక చోట దానిని వాడుకొన్నాడు.

1976లో ఇంతకంటె తెలియదేమో అని అతనిని మన్నింపవచ్చునా? వీలులేదు. అప్పటికి ఎనిమిదేండ్లకు ముందే, 1968లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయములో రాబర్ట్ గుడ్ బృందము ఈ వ్యాధిగల అయిదు నెలల మగశిశువుకు అక్క మూలుగ నెక్కించి బ్రతికించినది. మూలుగలో అన్ని రక్తకణములకు మూలమైన కణములుండును. అవి శిశువు శరీరములో నాటుకొని, థైమస్‌కు కావలసిన మూలకణములను పంపును, అచ్చట క్రొత్త టి-కణములు తయారగును. తలుపు తెరచుకొను దారి ఇది. టాడ్ విముక్తి మాత్రము మూలుగవలన రాలేదు, కాలము గడచుటవలన వచ్చినది. నిజమైన దారి ఎదుటనుండగా కథకుడు గోడకు బొమ్మతలుపు గీసినాడు.

ఈ కథకు ఆధారమైన బాలురలో ముఖ్యుడు డేవిడ్ వెటర్. మరియొకడు వేరొక వ్యాధి, అనగా మూలుగ ఎండిపోయి రక్తకణములు తగ్గు వ్యాధి, గలవాడు. రెండు వ్యాధుల బాలురను కలిపి ఒక పాత్రను చేయుటలోనే కొంత గందరగోళమున్నది. డేవిడ్ 1971 సెప్టెంబరు 21వ తేదీన అమెరికాలోని హ్యూస్టన్ నగరములో పుట్టినాడు. అతని అన్న ఈ వ్యాధితోనే ఏడు నెలల వయస్సున పోయెను. తరువాత పుట్టబోవు మగబిడ్డకు ఈ వ్యాధి వచ్చు అవకాశము సగపాలని వైద్యులు ముందే చెప్పియుండిరి. పుట్టిన క్షణములలోనే శిశువును క్రిమిరహితమైన ప్లాస్టిక్ గూటిలో నుంచిరి. అక్క మూలుగ సరిపోవునని, కొలది కాలములో బయటికి తీయవచ్చునని ఆశ. ఆమె మూలుగ సరిపడలేదు. కొలది కాలమనుకొన్నది పండ్రెండేండ్లయినది. పాలు, నీరు, గుడ్డలు, బొమ్మలు, పుస్తకములు, బాప్తిస్మపు జలము సైతము క్రిమిరహితము చేసిన పిమ్మటనే లోనికి పోవలెను. గోడకు అమర్చిన రబ్బరు తొడుగులలో చేతులుంచి తల్లి అతనిని పెంచినది.

చిత్రము ప్రసారమైన నాటికి డేవిడ్ అయిదేండ్ల బాలుడు. అనగా జరుగని భవిష్యత్తును చిత్రము ముందుగానే, సుఖాంతముగా కల్పించినది. విచిత్రమేమన, టాడ్ వ్యోమగామి దుస్తు వంటిది తొడిగి బడికి పోవును. ఆ మరుసటి యేడు, 1977లో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నిజముగానే డేవిడ్‌కు అట్టి దుస్తును కుట్టి యిచ్చినది. అతడు దానిని కొలదిసార్లు మాత్రమే తొడిగినాడు. చంద్రునిపై నడచిన బజ్ ఆల్డ్రిన్ కూడ ఈ చిత్రములో తానుగా కనబడును. ఆ కాలపు అమెరికాకు యంత్రములపై నున్న నమ్మకము అట్టిది.

డేవిడ్ కథ గుర్రముపై ముగియలేదు. 1980 తరువాత, పూర్తిగా సరిపడని మూలుగనుండి దాత టి-కణములను తొలగించి ఎక్కించు పద్ధతులు వచ్చినవి. ఇట్లు తొలగింపనిచో అవి క్రొత్త శరీరమునే శత్రువనుకొని దాడిచేయును. 1983 అక్టోబరులో అక్క మూలుగను ఈ రీతిగా శుద్ధిచేసి డేవిడ్‌కు ఎక్కించిరి. కొన్ని వారములకు జ్వరము, వాంతులు, రక్తవిరేచనములు మొదలయినవి. 1984 ఫిబ్రవరి 7న అతనిని గూటినుండి బయటికి తీసిరి. పండ్రెండేండ్ల కొడుకును తల్లి ఒట్టి చేతితో తాకినది, ముద్దిడినది అప్పుడే మొదటిసారి. ఫిబ్రవరి 22న అతడు కన్నుమూసెను. అక్క మూలుగలో ఎప్‌స్టైన్-బార్ వైరస్ నిద్రాణముగా నుండెను. టి-కణములున్న వారిలో అది సాధారణముగా అణగియుండును. వాటి కావలి లేని డేవిడ్ శరీరములో అది లింఫోసైటులను రెచ్చగొట్టి క్యాన్సరుగా మార్చినది. గోడలో చిల్లి పడి శత్రువు రాలేదు, చికిత్సతోపాటు లోనికి వచ్చినది. వైరస్ వలన మనుష్యునిలో క్యాన్సరు పుట్టగలదనుటకు ఈ మరణము ఒక గట్టి సాక్ష్యమయినది.

అయినను చిత్రమును పూర్తిగా కొట్టివేయుట న్యాయము కాదు. ఒక విషయములో ఇది శాస్త్రగ్రంథములు చెప్పలేనిది చెప్పినది. సముద్రతీరపు ఘట్టములో గినా స్నేహితులతో వేసిన పందెముకొరకు టాడ్ చేయి పట్టుకొనును. అది పందెమని తెలిసినప్పుడు అతని ముఖము చూడవలెను. స్పర్శకు దూరమైన వానికి ఆ స్పర్శకూడ వేళాకోళమయినది. మితిమీరిన మాటలు లేకుండ ట్రవోల్టా ఆ అవమానమును కన్నులలోనే చూపినాడు. తల్లి పాత్ర ధరించిన డయానా హైలాండ్ నటన కూడ అట్టిదే. వైద్యులు లెక్కలోనికి తీసుకొనని బాధ యేదో ఆమె ముఖములో నున్నది. సరియైన దాత దొరకుననే నమ్మకము లేకుండ శిశువును గూటిలో పెట్టుట తగునా అను ప్రశ్న డేవిడ్ విషయములో ఎందరినో వేధించినది. చిత్రము ఆ ప్రశ్నను అడిగినది, జవాబు చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము గుర్రమును తెచ్చినది.

2001లో వచ్చిన ‘బబుల్ బాయ్’ అను హాస్యచిత్రమును గురించి ఎక్కువ వ్రాయ నక్కరలేదు. అందులో బాలునికి నాలుగేండ్లకే శక్తి వచ్చినను తల్లి దాచిపెట్టి బుడగలో నుంచును. ఈ వ్యాధిగల పిల్లల కుటుంబములు దీనిని నిరసించుటలో ఆశ్చర్యము లేదు. మొదటి చిత్రము వ్యాధిని కాలమునకు వదలినది. రెండవది వ్యాధియే లేదని, తల్లియే వ్యాధియని చెప్పినది. ఒక అబద్ధమును పాతికేండ్లు మందలింపక వదలిన ఫలితమిది. 2006లో అమెరికా ప్రజాటెలివిజన్ డేవిడ్‌ను గురించి చూపిన సత్యచిత్రము ఈ రెంటికంటె ఎంతో మేలు.

రెండు కల్పిత చిత్రములలోను సమానమైన లోపమొకటున్నది. వ్యాధిని ఎట్లు కనుగొందురు అను ప్రశ్నకు వీనిలో చోటులేదు. డేవిడ్‌కు అన్న చనిపోయియుండుటచేత ముందే తెలిసినది. ఇంటిలో మొదటి బిడ్డకే వచ్చినచో ఎట్లు తెలియును? నేడు ఈ వ్యాధిలో చావుబ్రతుకులను నిర్ణయించునది ఎక్కువగా ఇదియే.

దీనికి దొరకిన ఉపాయము మిక్కిలి సొంపైనది. థైమస్‌లో ప్రతి టి-కణము తన గ్రాహకమును నిర్మించుకొనునప్పుడు జన్యుపదార్థమును కత్తిరించి అతుకును. తీసివేసిన ముక్క చుట్టుకొని చిన్న ఉంగరమువలె కణములో మిగిలిపోవును. దర్జీ కొట్టులో నేలపై పడిన గుడ్డపీలికలను చూచి ఈనాడు ఎన్ని చొక్కాలు కుట్టినాడో చెప్పవచ్చునుగదా! అట్లే శిశువు మడమనుండి తీసి అద్దుడు కాగితముపై ఆరబెట్టిన రక్తపుబొట్టులో ఈ ఉంగరములను లెక్కించినచో క్రొత్త టి-కణములు తయారగుచున్నవో లేదో తెలియును. ‘ట్రెక్’ పరీక్ష యనగా ఇదియే. 2005లో జెన్నిఫర్ పక్ మొదలగువారు ఆరిన రక్తపుబొట్టుతో దీనిని చేయవచ్చునని చూపిరి. 2008లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము శిశువులందరికి ఈ పరీక్ష మొదలుపెట్టినది. 2018 చివరకు ఆ దేశములోని 50 రాష్ట్రములును అనుసరించినవి. 30 లక్షల శిశువుల పరీక్షలను గూర్చి 2014లో ప్రకటించిన లెక్కలో 52 మందికి స్కిడ్ ఉన్నట్లు తేలినది. అనగా 58,000 మందికి ఒకరు.

తొందరగా తెలిసిన లాభమేమి? 2000 నుండి 2009 వరకు ఉత్తర అమెరికాలో మార్పిడి జరిగిన 240 మంది శిశువుల లెక్క 2014లోనే వచ్చినది. మూడున్నర నెలలలోపల మూలుగ పొందినవారిలో నూటికి 94 మంది అయిదేండ్ల తరువాత బ్రతికియుండిరి. ఆ వయస్సు దాటి, ఒంటిలో అంటువ్యాధి యుండగా మార్పిడి జరిగినవారిలో నూటికి 50 మందియే మిగిలిరి. తేడా తెచ్చినవి వయస్సు, అంటువ్యాధి. ప్లాస్టిక్ గోడ మందము కాదు.

ఈ విషయము మనకు పరాయిది కాదు. భారతదేశములో ఏటా రెండు కోట్లకు పైగా శిశువులు పుట్టుచున్నారు. అమెరికా నిష్పత్తినే పట్టినను, సంవత్సరమునకు మూడువందలకు తక్కువకాకుండ ఇట్టి శిశువులు మనలో పుట్టుచుండవలెను. పైగా వ్యాధిలో పలు రకములున్నవి. డేవిడ్‌కు వచ్చినది ఎక్స్ క్రోమోసోముపై నుండు జన్యువు చెడుటవలన వచ్చునది. ఆ జన్యువును 1993లో గుర్తించిరి. తల్లికి రెండవ ఎక్స్ మంచిది యుండుటచేత ఆమె ఆరోగ్యముగనే యుండి కొడుకులకు వ్యాధిని ఇయ్యగలదు. ఇందులో మేనరికపు ప్రసక్తి లేదు. ఎడినోసిన్ డిఅమినేస్ అను ఎంజైము లోపించుటవలన వచ్చు రకము వంటివి వేరు. 1972లో ఎలోయిస్ గిబ్లెట్ దీనిని గమనించినది. తల్లిదండ్రు లిరువురును లోపమును మోయుచున్నప్పుడే అవి బిడ్డకు వచ్చును. మేనమామను, మేనత్త కొడుకును చేసుకొను ఆచారము మన జిల్లాలలో నేటికిని ఉన్నది గనుక ఈ రకములు మనకు దగ్గరివి.

వైద్యుడు మొదట అడుగవలసిన ప్రశ్న కూడ మన బంధుత్వములలోనిదే. పిల్లవానికి మేనమామలు పసితనములో పోయినారా? తల్లికి పెద్దమ్మ, పిన్నమ్మల మగపిల్లలెవరైనను పసికందులుగా పోయినారా? ఇంటిలోని ముసలమ్మ ఒక్క నిమిషములో చెప్పగలది, కోడలిని పుట్టింటి సంగతి అడుగుటకు తీరికలేని ఆసుపత్రిలో ఎన్నటికిని బయటపడదు.

రెండవది సామాన్య రక్తపరీక్ష. మన దేశములో శిశువులందరికి ట్రెక్ పరీక్ష చేయు కార్యక్రమము లేదు, కాని తెల్లకణముల లెక్క ఏ చిన్న ఊరిలోనైనను చేయుదురు. చీటీలో మొత్తము తెల్లకణములు 9,000, లింఫోసైటులు నూటికి 15 అని యుండెననుకొందము. గుణించిన 1,350 వచ్చును. పెద్దవారికి అది సరియైన సంఖ్యయే. చీటీ ప్రక్కన అచ్చువేసిన ప్రమాణములు సాధారణముగా పెద్దవారివి గనుక దానిపై ఎర్రగీత పడదు. కాని కొలది నెలల శిశువుకు ఈ కణములు మూడు నాలుగు వేలకు పైన నుండవలెను. 2,500 లోపల నున్నచో స్కిడ్ ఏమో యని అనుమానింపవలెను. ఒక్కొక్కప్పుడు తల్లి కణములు బిడ్డలో చేరి సంఖ్యను మాయచేయును. కావున సంఖ్య బాగున్నను లక్షణములుండగా ఊరకుండరాదు. అనుమానము కలిగిన పిమ్మట ఏ రకపు లింఫోసైటు ఎన్ని యున్నవో లెక్కించు యంత్రములున్నవి, ఛాతీ ఎక్స్-రేలో థైమస్ నీడ ఉన్నదో లేదో చూచుట యున్నది, చివరకు జన్యుపరీక్ష యున్నది. చండీగఢ్‌లోని పి.జి.ఐ., ముంబాయిలోని జాతీయ రక్తవ్యాధి పరిశోధన సంస్థ ఈ రంగములో చిరకాలముగా పనిచేయుచున్నవి.

మరియొక చిక్కున్నది. మన దేశములో పుట్టగనే బి.సి.జి. టీకా వేయుదురు. దానిలోనిది బలహీనపరచిన సజీవ క్రిమి. సామాన్య శిశువులకు అది రక్షణ. స్కిడ్ శిశువుకు ఒళ్ళంతట వ్యాపించు రోగము. ఈ మాట చదివి ఎవ్వరును టీకా మానరాదు. బి.సి.జి. మానినవారి నష్టము లక్షలలో నుండును. అయితే ముందటి బిడ్డ అంటువ్యాధులతో పసితనమున పోయిన ఇంటిలో, క్రొత్తగా పుట్టిన శిశువుకు రక్తపరీక్ష ఫలితము వచ్చువరకు సజీవ టీకాలను ఆపుమని వైద్యుని అడుగవలెను. రక్తమెక్కించవలసివచ్చినచో కిరణములు ప్రసరింపజేసి దాత లింఫోసైటులను అణచిన రక్తమునే వాడవలెను.

చికిత్సలో మూలుగ మార్పిడికి ఇప్పటికిని మొదటి స్థానము. తోబుట్టువు మూలుగ సరిపడు అవకాశము నాలుగింట ఒకపాలు. జన్యుచికిత్స కథ ఇంకను ఒడుదుడుకులు గలది. 1990 సెప్టెంబరులో బెథెస్డాలో నాలుగేండ్ల బాలికకు మొదటి ప్రయత్నము జరిగినది. 2000లో పారిస్ నగరపు ఫిషర్, కవజానా-కాల్వో బృందము ఎక్స్ రకపు వ్యాధిలో జయము ప్రకటించినది. లోకము సంబరపడినది. పిమ్మట పారిస్, లండను నగరములలో చికిత్స పొందిన 20 మందిలో అయిదుగురికి రక్తక్యాన్సరు వచ్చినది, ఒకడు మరణించినాడు. జన్యువును మోసికొనిపోయిన వైరస్ తప్పుచోట దిగి క్యాన్సరు జన్యువును మేల్కొల్పుట కారణము. తరువాత వాహకమునే మార్చిరి. 2019లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి బృందము అట్టి క్రొత్త వాహకముతో ఎనిమిదిమంది శిశువులకు చేసిన చికిత్స ఫలించినట్లు ప్రకటించినది. నిజమైన కథ ఇట్లు ముందుకు, వెనుకకు నడచును. గుర్రమెక్కి దౌడు తీయదు.

ఖర్చు మాట. 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానములో, మూలుగ మార్పిడితో కుదురు వ్యాధుల పట్టికలో స్కిడ్‌ను చేర్చిరి. 2022నుండి నియమిత కేంద్రములలో రోగికి 50 లక్షల రూపాయలవరకు సహాయము చేయవచ్చునని నిర్ణయించిరి. హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి అట్టి కేంద్రముగా నున్నవి. వ్యాధి పేరు చీటీపై ఎక్కని బిడ్డకు ఈ సహాయము అందదు గదా!

కళాశాలలలో ఈ చిత్రమును చూపదలచిన అధ్యాపకులకు నా సలహా ఒకటి. తప్పక చూపుడు. టాడ్ తలుపు తీయబోవు ఘట్టమున ఆపి, ఆరు నెలల శిశువు రక్తపరీక్ష చీటీ ఒకటి నల్లబల్లపై వ్రాసి, లింఫోసైటులెన్నో లెక్కకట్టుమని విద్యార్థుల నడుగుడు. మిగిలిన పది నిమిషములు ఆ లెక్క తేలిన తరువాత వేయవచ్చును.